పట్టిన నిద్ర నిలవని వాళ్ళకు నిద్రమాత్ర ఏం చేస్తుంది

నిద్ర పట్టక అటూ ఇటూ దొర్లే వాళ్ళ బాధ అందరికీ తెలుసు. పట్టిన నిద్ర నిలవని వాళ్ళ బాధ మాత్రం ఎవరికీ పెద్దగా పట్టదు. నేను ఈ రెండో రకం. తల దిండుకు ఆనించిన కాసేపట్లోనే నిద్రపోతాను కాబట్టి "నీకేంటి, హాయిగా పడుకుంటావు" అంటారు చూసేవాళ్ళు. రెండింటికో రెండున్నరకో కళ్ళు తెరుచుకుంటాయి. ఆ తర్వాత మాగన్నుగా పడి ఉండడమే. మళ్ళీ కాస్త కునుకు పట్టేసరికి లేవాల్సిన టైం అవుతుంది. ఇదంతా డాక్టరు గదిలోకి వెళ్ళేసరికి "నిద్ర సరిగ్గా ఉండట్లేదండీ" అనే ఒక్క మాటగా మారిపోతుంది. నిద్ర పట్టనివాళ్ళూ అదే మాట అంటారు. ఇద్దరి చీటీలోనూ ఒకే మాత్ర పడుతుంది.

నాకు అభ్యంతరం ఇక్కడే. కలత నిద్రకు మాత్ర వేసుకునే ముందు, రాత్రి మధ్యలో మనల్ని లేపుతున్నదేమిటో తెలియాలి. అది తెలుసుకోకుండా వేసుకునే మామూలు నిద్రమాత్రలు తెగిన నిద్రను కొంచెమే అతుకుతాయి. తెగిందన్న సంగతిని మాత్రం బాగా మరిపిస్తాయి. ఈ రెండింటికీ ఉన్న తేడా రోగికి ఎవరూ చెప్పరు.

ముందు మామూలు రాత్రి ఎలా ఉంటుందో చూద్దాం. నిద్ర సుమారు 90 నిమిషాల చుట్లుగా సాగుతుంది. గాఢ నిద్ర ఎక్కువగా రాత్రి మొదటి సగంలోనే అయిపోతుంది. రెండో సగంలో తేలిక నిద్ర, కలల నిద్ర ఎక్కువ. అందుకే మెలకువలు కూడా ఎక్కువగా అప్పుడే వస్తాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకూ రాత్రిలో చాలాసార్లు చిన్న చిన్న మెలకువలు వస్తాయి, కానీ కొద్ది నిమిషాల లోపు మెలకువ పొద్దున్నకి గుర్తుండదు. వయసు పెరిగే కొద్దీ గాఢ నిద్ర తగ్గుతుంది, మెలకువలు పెరుగుతాయి. అరవై దాటిన మనిషి ఇరవై ఏళ్ళప్పటి నిద్ర కావాలని మాత్ర వేసుకుంటే, ఏ మాత్రా దాన్ని తెచ్చివ్వలేదు. మెలకువ రావడం దానంతటదే జబ్బు కాదు. మెలకువ వచ్చాక మళ్ళీ నిద్ర పట్టకపోవడం, దాని వల్ల పగలు పాడవడం, అదీ జబ్బు.

నిద్రమందుల కథ గబగబా చెప్పేస్తాను. 1903లో బార్బిటాల్ వచ్చింది. ఆ కుటుంబం మందులు బార్బిచురేట్లు. డోసు కాస్త ఎక్కువైతే ఊపిరి ఆగిపోయేది. 1960లో లిబ్రియం, 1963లో వేలియం బెంజోడయాజెపైన్ల కాలాన్ని తెచ్చాయి. ఇవి అంత ప్రమాదకరం కావన్న నమ్మకంతో ప్రపంచమంతా పాకాయి. అమెరికాలో 1992లో అనుమతి పొందిన జోల్పిడెమ్, దాని వరసలోని మరికొన్ని మాత్రలు తర్వాతి తరం. వీటిని జెడ్ మందులంటారు. పేర్లు మారినా పని జరిగే చోటు ఒకటే. మెదడులో గాబా అనే రసాయనం నరకణాలను శాంతపరుస్తుంది. ఈ మందులు దాని పనికి బలం చేకూరుస్తాయి. అంటే మెదడు మొత్తాన్నీ కాస్త అణచిపెడతాయి. నిద్ర దానికి వచ్చే ఫలితాల్లో ఒకటి. కండరాలు సడలడం, తూలడం, జ్ఞాపకం మసకబారడం కూడా ఆ ఫలితాల్లోవే.

మరి అవి ఎంత మేలు చేస్తాయి? 2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక విశ్లేషణ వచ్చింది. జెడ్ మందుల కంపెనీలు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకి ఇచ్చిన 13 ప్రయోగాల సమాచారాన్ని అందులో కలిపి చూశారు. పత్రికల్లో అచ్చుకాని ప్రయోగాలు కూడా అందులో ఉంటాయి కాబట్టి నేను దాన్ని నమ్ముతాను. మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళతో పోలిస్తే జెడ్ మాత్ర వేసుకున్నవాళ్ళకు నిద్ర పట్టే సమయం 22 నిమిషాలు తగ్గింది. అదే పత్రికలో 2005లో వచ్చిన ఇంకో విశ్లేషణ అరవై దాటిన వాళ్ళ మీద. రకరకాల నిద్రమాత్రలు కలిపి చూస్తే మొత్తం నిద్ర సగటున 25 నిమిషాలు పెరిగింది. రాత్రి మెలకువలు సగటున 0.63 తగ్గాయి, అంటే ఒక్క మెలకువ కూడా పూర్తిగా తగ్గలేదు. 13 మంది వేసుకుంటే ఒకరికి నిద్ర బాగుపడింది. 6 మంది వేసుకుంటే ఒకరికి ఏదో ఒక చెడు జరిగింది.

ఇవి సగటు లెక్కలు, నిజమే. కొందరికి చాలా మేలు జరిగి ఉంటుంది, కొందరికి ఏమీ జరిగి ఉండదు. ఆప్తులు పోయిన రోజుల్లో, ఆపరేషన్ అయిన వారంలో, ఆ 25 నిమిషాలే ప్రాణం నిలబెట్టినంత పని చేయొచ్చు. అలాంటప్పుడు కొద్ది రోజులు మాత్ర వేసుకోవడాన్ని తప్పుపట్టే వాళ్ళతో నేను ఏకీభవించను. "నిద్రమాత్ర విషం" అంటూ భయపెట్టే వాళ్ళు సాధారణంగా హాయిగా నిద్రపోయేవాళ్ళే. నా గొడవ వారాలు నెలలై, నెలలు ఏళ్ళైన మాత్రల గురించి.

కలత నిద్ర దగ్గరికి వచ్చేసరికి ఇంకో చిక్కు ఉంది. మందు ఒంట్లో ఎంతసేపు ఉంటుందన్నది. జోల్పిడెమ్ రెండున్నర గంటల్లో సగానికి పడిపోతుంది. పదింటికి వేసుకుంటే తెల్లవారుజామున మూడింటికి ఒంట్లో మిగిలేది పావు వంతు. నాలాంటి వాడికి మెలకువ వచ్చే సమయానికి మందు దాదాపు దిగిపోయి ఉంటుంది. పడుకోగానే నిద్రపోయే మనిషికి తొందరగా నిద్ర పట్టించే మందు ఇవ్వడంలో అర్థమేముంది? పోనీ ఎక్కువసేపు ఉండేది ఇద్దామంటే, రాత్రంతా పట్టి ఉంచేది తెల్లారాక కూడా వదలదు. ఫ్లురాజెపామ్ అనే పాత మాత్ర నుంచి ఒంట్లో తయారయ్యే పదార్థం రోజుల తరబడి రక్తంలో తిరుగుతుంది. రోజూ వేసుకుంటే నిన్నటి దాని మీద ఇవాళ్టిది పేరుకుంటుంది.

తొందరగా దిగిపోయే పొట్టి మందైన జోల్పిడెమ్‌తో కూడా ఈ ఇబ్బంది తప్పలేదు. ఆడవాళ్ళ ఒంట్లోంచి అది నెమ్మదిగా పోతుందని, పొద్దున్న కారు నడిపే వేళకు కూడా రక్తంలో తగినంత మిగిలి ఉంటోందని తేలాక, 2013లో ఎఫ్‌డీఏ ఆడవాళ్ళకు డోసును 10 మిల్లీగ్రాముల నుంచి 5కి తగ్గించమంది. మందు మార్కెట్లోకి వచ్చిన ఇరవై ఏళ్ళ తర్వాత! అన్నేళ్ళూ ఆడవాళ్ళు అవసరానికి రెట్టింపు వేసుకుని పొద్దున్నే పనుల్లోకి వెళ్ళారు. దీని గురించి చదివిన ప్రతిసారీ నాకు కోపం వస్తుంది. మధ్యరాత్రి మెలకువ వచ్చినప్పుడు నాలుక కింద పెట్టుకునే చిన్న డోసు జోల్పిడెమ్‌కి 2011లో అనుమతి ఇచ్చారు. ఆడవాళ్ళకు 1.75, మగవాళ్ళకు 3.5 మిల్లీగ్రాములు. పొద్దున్న లేవాల్సిన టైంకి ఇంకా నాలుగు గంటలైనా మిగిలి ఉంటేనే వేసుకోవాలి. కలత నిద్రను విడిగా గుర్తించి ఆలోచించిన పద్ధతి కాబట్టి అది నాకు కొంత నచ్చింది. కానీ తెల్లవారుజామున నాలుగింటికి మెలకువ వచ్చేవాడికి అదీ పనికిరాదు.

ఇప్పుడు మరపు సంగతి. అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. మిడజోలామ్ అనే బెంజోడయాజెపైన్‌ను ఎండోస్కోపీ చేసే ముందు ఇస్తారు. గొట్టం లోపలికి వెళ్తున్నప్పుడు రోగి మెలకువగానే ఉండి డాక్టరు చెప్పినట్టు కదులుతాడు, జవాబులు కూడా చెప్తాడు. తర్వాత అడిగితే ఒక్కటీ గుర్తుండదు. ఆ మందు ఇచ్చే కారణాల్లో ఆ మరపు కూడా ఒకటి. ఇదే కుటుంబం మాత్ర రాత్రి వేసుకుంటే రాత్రి మెలకువలకు కూడా అదే జరుగుతుంది. లేస్తాం, కానీ లేచినట్టు మెదడు రాసుకోదు. పొద్దున్న "ఎలా పడుకున్నారు?" అని అడిగితే "బ్రహ్మాండంగా" అంటాం. అబద్ధం చెప్పట్లేదు. మనకు గుర్తున్నంత వరకు అది నిజమే.

మా నాన్నగారు ఏళ్ళ తరబడి బెంజోడయాజెపైన్ మాత్ర వేసుకుంటున్నారు. నిద్ర గురించి అడిగితే "దానికేం లోటు లేదురా" అంటారు. అమ్మను అడిగితే వేరే కథ. రాత్రి రెండు మూడు సార్లు లేస్తారట, గోడ పట్టుకుని బాత్రూంకి వెళ్తారట, ఒకోసారి ఏదో మాట్లాడి మళ్ళీ పడుకుంటారట. పొద్దున్న చెబితే "నేనా? లేనే లేదు" అంటారట. ఎవరి మాట నమ్మాలి? ఆ గదిలో ఆ రాత్రంతా ఉన్న మనిషి అమ్మే.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వేయొచ్చు. మెలకువ గుర్తులేకపోతే నష్టమేంటి? బాధ అనేదే జ్ఞాపకం కదా, అది తీసేస్తే చాలదా? ఈ వాదనను నేను తేలిగ్గా కొట్టిపారేయను. నిద్రలేమిలో సగం నరకం గడియారం చూస్తూ గడిపే ఆ గంటలే. అవి మాయమైతే మనిషికి ఊరటే. కానీ ఆ మరపుకు రెండు ఖరీదులున్నాయి. ఒకటి, బెంజోడయాజెపైన్ల కింద గాఢ నిద్ర తగ్గి, మధ్యస్థంగా ఉండే నిద్ర పెరుగుతుంది. నిద్ర పొడవు పెరిగినా లోతు తగ్గుతుంది. రెండోది, ఆ గుర్తులేని మెలకువలో మనిషి నడుస్తాడు. సగం మత్తులో, సడలిన కండరాలతో, చీకట్లో. పెద్దవాళ్ళు తుంటి విరగ్గొట్టుకునేది అలాగే. పెద్దవయసు వాళ్ళకు ఈ మందులు వద్దని అమెరికా వృద్ధవైద్యుల బీర్స్ జాబితా ఎందుకంటుందో ఇప్పుడు అర్థమవుతుంది. 2019లో ఎఫ్‌డీఏ జెడ్ మందుల వివరపత్రాల్లో అత్యంత గట్టి హెచ్చరిక వేయించింది. నిద్రలోనే నడవడం, కారు నడపడం, ప్రాణాల మీదకు తెచ్చుకోవడం వంటివి జరిగాయని. వాళ్ళలో చాలామందికి పొద్దున్నకి ఏదీ గుర్తులేదు.

మానేద్దామంటే అంత సులువు కాదు. మందు ఆపిన మొదటి రాత్రుల్లో నిద్ర మందుకు ముందు ఉన్నదానికంటే ఘోరంగా ఉంటుంది. దీన్ని 1978లోనే ఆంథొనీ కేల్స్ బృందం సైన్స్ పత్రికలో వివరించింది. పొట్టి మందులతో ఇది మరీ తీవ్రంగా ఉంటుంది. రోగికి మాత్రం ఇది మందు వదిలించుకునే బాధలా కనిపించదు. "చూశావా, మాత్ర లేకపోతే నాకు నిద్రే లేదు" అని తన అవసరానికి రుజువులా కనిపిస్తుంది. మళ్ళీ మాత్ర మొదలవుతుంది. ఏళ్ళ తరబడి మాత్రలు సాగేది చాలావరకు ఈ రెండు మూడు చెడ్డ రాత్రుల వల్లనే అని నా నమ్మకం. ఆ రాత్రులు వస్తాయని, వచ్చి పోతాయని ముందే ఎవరైనా చెప్పి ఉంటే చాలామంది తట్టుకునేవాళ్ళు.

చెబితే తేడా ఉంటుందా అంటే, ఉంటుంది. కెనడాలో బెంజోడయాజెపైన్లు చాలాకాలంగా వాడుతున్న 65 ఏళ్ళు దాటిన వాళ్ళకు ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. మందు ప్రమాదాలేంటి, నెమ్మదిగా ఎలా తగ్గించుకోవాలి అన్నవి అందులో ఉన్నాయి. 2014లో ఫలితాలు వచ్చాయి. ఆరు నెలల్లో పుస్తకం అందుకున్న వాళ్ళలో 27 శాతం మంది పూర్తిగా మానేశారు. అందనివాళ్ళలో 5 శాతం. మందూ కాదు, మెషీనూ కాదు, ఉన్న నిజాన్ని అర్థమయ్యేలా రాసిన కొన్ని పేజీలు.

ఇక మెలకువకు కారణం. గురక పెట్టి, ఊపిరి ఆగి, ఉలిక్కిపడి లేచే మనిషికి స్లీప్ ఆప్నియా ఉండొచ్చు. అతనికి ఆ ఉలికిపాటే రక్ష. గొంతు మూసుకుపోయినప్పుడు మెదడు లేపబట్టే ఊపిరి ఆడుతోంది. గొంతు కండరాలను ఇంకా సడలించి, ఆ లేపడాన్ని అణచే బెంజోడయాజెపైన్ అతనికి ఇస్తే ఏమవుతుందో ఊహించుకోండి. కాళ్ళలో ఏదో పాకుతున్నట్టుండి నిలవనివ్వని రెస్ట్‌లెస్ లెగ్స్ ఉన్నవాళ్ళకు ముందు ఇనుము ఎంతుందో చూడాలి. అలాంటివాళ్ళు "ఇది తేలికపాటిదే" అని జలుబు మందుల్లో ఉండే డైఫెన్‌హైడ్రమిన్‌ను నిద్ర కోసం వేసుకుంటే కాళ్ళ బాధ ఇంకా పెరుగుతుంది. మూత్రం కోసం లేచేవాళ్ళకు ప్రొస్టేట్, షుగర్, సాయంత్రం వేసుకుంటున్న బీపీ మాత్ర, ఏదో ఒకటి కారణం కావచ్చు. తెల్లవారుజామునే మెలకువ వచ్చి గుండెలో బరువుగా ఉంటే డిప్రెషన్ సంగతి అడగాలి. రాత్రి మద్యం తాగేవాళ్ళకు మొదటి సగం మొద్దు నిద్ర, రెండో సగం ముక్కలు. వీళ్ళందరూ చెప్పేది "మధ్యలో మెలకువ వస్తోంది" అనే ఒక్క మాటే.

కారణానికి తగిన మందు దొరికితే ఎంత తేడా ఉంటుందో చూపించే జబ్బు నార్కొలెప్సీ. పగలంతా ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే జబ్బు ఇది. వీళ్ళు రాత్రి మొద్దులా పడుకుంటారని అందరూ అనుకుంటారు. నిజానికి చాలామందికి రాత్రి నిద్ర ముక్కలు ముక్కలుగా ఉంటుంది. 1998లో ఒరెక్సిన్ అనే రసాయనాన్ని రెండు పరిశోధక బృందాలు విడివిడిగా కనుక్కున్నాయి. అది మనల్ని మెలకువగా నిలబెట్టి ఉంచుతుంది. నార్కొలెప్సీలో ఒక రకానికి ఆ రసాయనాన్ని తయారుచేసే కణాలు నశించిపోవడమే కారణమని 2000 నాటికి తేలింది. ఒరెక్సిన్ లేకపోతే మెలకువా నిలవదు, నిద్రా నిలవదు. మెదడు అటూ ఇటూ జారుతూనే ఉంటుంది. వీళ్ళకు రాత్రి ఇచ్చే సోడియం ఆక్సిబేట్ గాఢ నిద్రను పెంచి మెలకువలను తగ్గిస్తుంది. పగటి మగతను, నవ్వినప్పుడు కండరాలు పట్టు తప్పే లక్షణాన్ని కూడా తగ్గిస్తుంది. 2002లో అనుమతి పొందిన ఈ మందును పడుకునేటప్పుడు ఒకసారి, రెండున్నర నుంచి నాలుగు గంటల తర్వాత ఇంకోసారి తాగాలి. అంటే అలారం పెట్టుకుని లేచి మరీ నిద్రమందు తాగాలి! ఒక్కసారి తాగితే చాలే రకం 2023లో గాని రాలేదు. ఊపిరిని అణచే ప్రమాదం ఉంది, మద్యంతో అసలు కలపకూడదు, కట్టుదిట్టమైన నియంత్రణలో ఇస్తారు. అన్ని ప్రమాదాలున్నా, ఎవరికి ఎందుకు ఇస్తున్నారో తెలిసి ఇచ్చే మందు అది.

ఒరెక్సిన్ కథకు రెండో వైపు కూడా ఉంది. మెలకువ నిలబెట్టేది అదే అయితే, నిద్రలేమి ఉన్నవాళ్ళలో దాన్ని కాసేపు అడ్డుకుంటే? ఆ ఆలోచన నుంచే 2014లో సువొరెక్సెంట్, 2019లో లెంబొరెక్సెంట్, 2022లో డారిడొరెక్సెంట్ అమెరికాలో అనుమతి పొందాయి. ఇవి మెదడును మొత్తంగా అణచవు, మెలకువ సంకేతాన్ని తగ్గిస్తాయి. నిద్ర పట్టాక మెలకువగా గడిపే సమయం మీద కూడా వీటి ప్రభావం కనిపించింది. డారిడొరెక్సెంట్ 50 మిల్లీగ్రాములతో ఆ సమయం ఒక నెల తర్వాత ఉత్తుత్తి మాత్రకంటే సుమారు 23 నిమిషాలు ఎక్కువగా తగ్గింది. పగటి అలసట కూడా కొంత తగ్గింది. అద్భుతమేమీ కాదు, కానీ తూకం సరైన వైపు ఉంది. నార్కొలెప్సీ ఉన్నవాళ్ళు మాత్రం వీటి జోలికి వెళ్ళకూడదు. వాళ్ళకు లేనిదే ఒరెక్సిన్. "మధ్యలో మెలకువ వస్తోంది" అనే ఒకే మాట చెప్పే ఇద్దరిలో ఒకరికి మందైనది ఇంకొకరికి నిషిద్ధం. కారణం అడగాలని నేనెందుకు పట్టుబడుతున్నానో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

పాత డిప్రెషన్ మందు డాక్సెపిన్‌ను 3, 6 మిల్లీగ్రాముల చిటికెడు డోసులో నిద్ర నిలవనివాళ్ళ కోసమే 2010లో అనుమతించారు. మెలటోనిన్ గురించి చాలామంది అడుగుతారు. 2013 నాటి ఒక విశ్లేషణలో అది నిద్ర పట్టే సమయాన్ని 7 నిమిషాలు తగ్గించి, మొత్తం నిద్రను 8 నిమిషాలు పెంచింది. మధ్యరాత్రి మెలకువకు దాని మీద ఆశ పెట్టుకోవడం నా ఉద్దేశంలో దండగ.

మందు లేని దారి ఉంది. 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ దీర్ఘకాల నిద్రలేమికి మొదటి చికిత్సగా చెప్పింది మాత్రను కాదు, నిద్రలేమికి ప్రత్యేకంగా రూపొందించిన సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అనే పద్ధతిని. పేరు వింటే కౌన్సెలింగ్‌లా అనిపిస్తుంది. నిజానికి దాని గుండెకాయ చాలా కఠినమైన ఒక నియమం. మంచం మీద ఎనిమిది గంటలుండి ఐదున్నర గంటలే నిద్రపోతున్నారా? అయితే మంచం మీద ఐదున్నర గంటలే ఉండండి. నిద్ర గట్టిపడ్డాక కొద్దికొద్దిగా పెంచండి. మెలకువ వచ్చి నిద్ర పట్టకపోతే మంచం దిగి వేరే చోట కూర్చోండి. నేను దీన్ని పాటించాను. మొదటి వారాలు దుర్భరంగా ఉంటాయి. పగలు కళ్ళు మూసుకుపోతాయి, చిరాకు పుడుతుంది, వాహనం నడపడం ప్రమాదం. మూర్ఛ, బైపోలార్ ఉన్నవాళ్ళు డాక్టరు పర్యవేక్షణ లేకుండా చేయకూడదు. నాకు మెలకువలు పోలేదు, కానీ మెలకువ వచ్చాక మళ్ళీ నిద్ర పట్టడం మొదలైంది. నాకు కావలసింది అదే. 1999లో పెద్దవయసు వాళ్ళ మీద వచ్చిన ఒక ప్రయోగంలో మాత్రా, ఈ పద్ధతీ రెండూ మొదట్లో పనిచేశాయి. రెండేళ్ళ తర్వాత చూస్తే లాభం నిలుపుకున్నది ఈ పద్ధతి నేర్చుకున్నవాళ్ళే.

నేర్పేవాళ్ళు తక్కువ. డాక్టరుకు మాత్ర రాయడానికి రెండు నిమిషాలు చాలు, ఈ పద్ధతి నేర్పడానికి వారాలు కావాలి. ఆ డాక్టరు బయట క్యూ ఎంతుందో నాకూ తెలుసు. కానీ "ఎన్నింటికి లేస్తున్నారు, లేచినప్పుడు ఏమనిపిస్తుంది, పక్కన పడుకునేవాళ్ళు ఏమంటున్నారు" అని అడగడానికీ రెండు నిమిషాలే పడుతుంది. డాక్టరు అడగకపోతే మనమే చెప్పాలి. రాత్రి గమనించే మనిషిని వెంట తీసుకెళ్ళాలి.

ఇప్పటికే చాలాకాలంగా మాత్ర వేసుకుంటున్నవాళ్ళు ఇది చదివి ఇవాళ రాత్రే ఆపేయకండి. బెంజోడయాజెపైన్‌ను ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. 2025లో వచ్చిన అమెరికన్ మార్గదర్శకాలు రెండు నుంచి నాలుగు వారాలకోసారి 5 నుంచి 10 శాతం చొప్పున మొదలుపెట్టమంటాయి. అంత నెమ్మదిగా. మా నాన్నగారి డాక్టరు కూడా దాదాపు అలాగే చేయిస్తున్నారు. డోసు తగ్గించిన ప్రతిసారీ నాలుగైదు రాత్రులు ఇబ్బంది పడతారు, విసుక్కుంటారు, "పాతదే నయం" అంటారు. అమ్మ ఒక నోటుబుక్కులో ఆయన ఎన్నిసార్లు లేచారో రాసి పెడుతోంది. ఈసారి నాన్నగారే ఆ పుస్తకం చేతిలో పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళారు. సగం డోసుకు వచ్చారు. ఇంకొక్క నెల ఇక్కడే ఆగుదామన్నారు డాక్టరు.